రొబెర్టోను బాబ్ అన్నారు

జూన్‌లో అడ్మిషన్ల రిజిస్టరు ముందు కూర్చున్నప్పుడల్లా మాకు ఒక తంటా. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారంలో గడులు మరో పద్ధతికి గీసి ఉంటాయి. ఇంటిపేరు కాస్తా పేరైపోతుంది. ఆ తప్పు పదో తరగతి సర్టిఫికెట్ దాకా పిల్లవాడి వెంటే నడుస్తుంది. ఈసారి మేము చెప్పబోయే బేస్‌బాల్ ఆటగాడి పేరూ ఇలాగే తిరగబడింది. అదీ కంచు ఫలకం మీద.

రొబెర్టో క్లెమెంటే 1934 ఆగస్టు 18న ప్యూర్టో రికో దీవిలోని కరోలినాలో పుట్టారు. ఆ దీవి అమెరికా ఏలుబడిలో ఉన్నా, అక్కడి జనం మాట్లాడేది స్పానిష్. తండ్రి మెల్చోర్ క్లెమెంటే చెరకు తోటల్లో మేస్త్రీ. తల్లి లూయిసా వాకర్. స్పానిష్ వాళ్ల ఆచారంలో పేరు తర్వాత తండ్రి ఇంటిపేరు, దాని తర్వాత తల్లి ఇంటిపేరు వస్తాయి. అందుకే ఆయన పూర్తి పేరు రొబెర్టో క్లెమెంటే వాకర్.

హైస్కూల్లో ఈటె విసరడంలో దిట్ట. ఆ చెయ్యే తర్వాత బౌండరీ దగ్గర నుంచి బంతిని గురి తప్పకుండా విసిరే చెయ్యి అయింది. 1954లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆయనను తీసుకుని మాంట్రియల్‌లోని తమ చిన్న జట్టుకు పంపింది. ఆ ఏడాది చివర్లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఎగరేసుకుపోయింది. పైరేట్స్ అప్పటికి వరసగా మూడేళ్లు పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు.

ఆయన నల్లవాడు, పైగా ఇంగ్లిషు అంతగా రానివాడు. ఫ్లోరిడాలో శిక్షణకు వెళ్తే తెల్ల ఆటగాళ్లు దిగే హోటల్లో చోటు లేదు. పత్రికలవాళ్లు ఆయన మాటల్ని యాసతో సహా, ఎగతాళిగా అక్షరాలు మార్చి అచ్చువేసేవారు. 1954 చలికాలంలో కారు ప్రమాదంలో నడుం దెబ్బతింది. నొప్పి అంటే నటన అన్నారు. రొబెర్టో అనడం బరువని బాబ్ అన్నారు. పిల్లలు దాచుకునే బేస్‌బాల్ కార్డుల మీద కూడా 1957 నుంచి 1969 వరకు బాబ్ అనే ఉంది. ఆయన ఊరుకోలేదు, తన పేరు రొబెర్టో అని చెబుతూనే వచ్చారు. కోపిష్ఠి అన్న పేరూ వచ్చింది. మేమైతే ఆ కోపాన్ని తప్పుపట్టం.

బంతిని కొట్టి, ఫీల్డర్లు ఔట్ చేసేలోగా మొదటి బేస్ చేరితే అది ఒక హిట్. హిట్ల సగటులో ఆయన నాలుగుసార్లు లీగుకే మొదటివాడు. ఫీల్డింగులో పన్నెండు గోల్డ్ గ్లవ్ బహుమతులు. 1960లో, 1971లో పైరేట్స్‌కు వరల్డ్ సిరీస్. 1971లో ఏడు ఆటల్లోనూ హిట్ కొట్టి సిరీస్ ఉత్తమ ఆటగాడయ్యారు. గెలిచాక టీవీ మైకు ముందుకు రాగానే ఆయన మొదట స్పానిష్‌లో మాట్లాడారు, దీవిలో ఉన్న తల్లిదండ్రుల దీవెన అడిగారు. దేశమంతా చూస్తున్న ఇంగ్లిషు ప్రసారం అది. తరగతిలో చెప్పేటప్పుడు మేము ఇక్కడ కాసేపు ఆగుతాం.

చలికాలంలో సొంత దీవికి వెళ్లి ఆడేవారు. 1970-71లో శాన్ హువాన్ జట్టుకు మేనేజర్‌గా కూడా పనిచేశారు. ముగ్గురు కొడుకులూ ప్యూర్టో రికోలోనే పుట్టాలని పట్టుబట్టారు, అలాగే పుట్టారు.

1972 సెప్టెంబరు 30న 3000వ హిట్ కొట్టారు. అదే ఏడాది చివర ప్యూర్టో రికో అమెచ్యూర్ జట్టుకు మేనేజర్‌గా నికరాగువా వెళ్లివచ్చారు. డిసెంబరు 23న అక్కడి రాజధాని మనాగువాను భూకంపం కూల్చేసింది. ఆయన ఇంటింటికీ తిరిగి సాయం పోగుచేయించారు. పంపిన సరుకు పాలకుల మనుషుల పాలవుతోందని విని, తానే వెంట వెళ్తేనే జనానికి అందుతుందని డిసెంబరు 31 రాత్రి విమానమెక్కారు. మోయగలిగినదానికి మించి సరుకు నింపిన పాత విమానం అది. శాన్ హువాన్ తీరం దాటగానే సముద్రంలో కూలింది. ఉన్న అయిదుగురూ పోయారు. ఆయన దేహం దొరకలేదు. వయసు 38.

ఆట మానేశాక అయిదేళ్లు ఆగితేగానీ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వరు. ఆయన కోసం ఆ నిబంధన పక్కనపెట్టి 1973లోనే చేర్చుకున్నారు. లాటిన్ అమెరికా నుంచి అక్కడ చేరిన మొదటి ఆటగాడు ఆయనే. కూపర్స్‌టౌన్‌లో ఫలకం పెట్టారు. దాని మీద రొబెర్టో వాకర్ క్లెమెంటే అని చెక్కారు. తల్లి ఇంటిపేరు నడుమకు వచ్చింది. 2000లో ఆ ఫలకం తీసి, రొబెర్టో క్లెమెంటే వాకర్ అని కొత్తది బిగించారు.