లె కార్బూజియే: భవనాలు, బొమ్మల గ్రంథాలు

కూడు, గూడు, గుడ్డ అనే మూడింటిలో గూటిని గురించి మనము ఆలోచించేది తక్కువ. ఆకలి పూటపూటకు జ్ఞాపకం చేస్తుంది. బట్ట ఏటేటా చిరుగుతుంది. ఇల్లు మాత్రం ఒకసారి కట్టిన తరువాత తరతరాలు నిలుస్తుంది కనుక దానిని ఎవరు ఊహించారు, ఎందుకు ఆ విధంగా కట్టారు అన్న ప్రశ్న మన మనస్సునకు తోచదు. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. కావ్యం కావలసినవారు గ్రంథాలయానికి పోతారు. గానం కావలసినవారు ఇంటిలో కూర్చుండియే వినగలరు. భవనం మాత్రం కట్టిన చోటు విడిచి రాదు. చూడగోరినవాడే దాని వద్దకు పోవాలి. పోలేనివారికి మిగిలిన దారి బొమ్మల పుస్తకం. ఇరువదవ శతాబ్దపు వాస్తుశిల్పులలో ఈ సంగతిని మిక్కిలి చక్కగా గ్రహించినవారు లె కార్బూజియే. ఆయన జీవితాన్ని ఆయన కట్టిన భవనాల వైపు నుండి అనేకులు చెప్పారు. మేము ఆయన ప్రకటించిన సచిత్ర గ్రంథాల వైపు నుండి చెప్పదలచాము. ఆ గ్రంథాలు చూపినవి ఏవి, చూపక విడిచినవి ఏవి అన్నదే ఇక్కడ మా విచారణ.

లె కార్బూజియే అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. అసలు పేరు షార్ల్ ఎదువార్ జానెరే. 1887 అక్టోబరు 6వ తేదీన స్విట్జర్లండులోని లా షో ద ఫోన్ అనే కొండప్రాంతపు పట్టణంలో జన్మించారు. ఆ ఊరికి గడియారాల పరిశ్రమయే జీవనాధారం. తండ్రి గడియారపు ముఖాలకు ఎనామెల్ పూత వేసే పనివాడు. తల్లి పియానో నేర్పేది. కుమారుడు కూడ ఆ పరిశ్రమలోనే బ్రతుకుతెరువు వెదుక్కోవలసినవాడై, గడియారపు పెట్టెలపై నగిషీ చెక్కే పని నేర్చుకొనుటకు స్థానిక కళాశాలలో చేరారు. కాని ఆయన చూపు బలమైనది కాదు. అంత సూక్ష్మమైన పనికి ఆ కన్నులు ఓర్వలేవు. ఆ దశలో లెప్లాత్నియే అనే ఉపాధ్యాయుడు శిష్యుణ్ణి వాస్తువిద్య వైపు మళ్లించారు. ఉత్తమమైన గురువు చేసే మేలు ఎట్టిదో దీనివలన తెలుస్తుంది.

ఆ విద్యాలయపు గ్రంథాలయంలో ఒక పెద్ద బొమ్మల పుస్తకం ఉండేది. ఆంగ్లేయుడైన ఓవెన్ జోన్స్ 1856లో ప్రకటించిన 'గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్' అది. ఈజిప్టు, అరబ్బు, తురుష్క, పారశీక, భారతీయ అలంకరణలు, స్పెయిను దేశపు అల్‌హమ్రా ప్రాసాదపు గోడల అల్లికలు రంగులలో అచ్చువేసిన గ్రంథమది. కొండల నడుమ పెరిగిన ఆ బాలుడు ప్రపంచాన్ని ముందుగా చూచినది ఇటువంటి పుటలలోనే. వాటిని చూచి నకళ్లు గీసుకొన్నారు. వాస్తువిద్యలో ఆయనకు పట్టా ఏదీ లేదు, కడవరకు లేదు. పుస్తకం, ప్రయాణం, పని, ఈ మూడే ఆయన విశ్వవిద్యాలయం.

పుటలలో చూచినదానిని కన్నులతో చూడాలన్న కోరిక ఆయనను ఇల్లు కదిలించింది. 1907లో ఇటలీ వెళ్లారు. పారిస్ నగరంలో ఓగుస్త్ పెరే వద్ద పనిచేసి ఉక్కు కడ్డీల కాంక్రీటు మర్మాలు తెలుసుకొన్నారు. జర్మనీలో పీటర్ బెరెన్స్ కార్యాలయంలో కొన్ని నెలలు గడిపారు. 1911లో క్లిప్‌స్టైన్ అనే మిత్రునితో కలిసి డాన్యూబు నది వెంట తూర్పునకు బయలుదేరారు. ఇస్తాంబూలులో కొన్ని వారాలు నిలిచి సులేమానియా మొదలైన మసీదుల గుమ్మటాలను, మీనారులను, కొయ్య ఇండ్లను తన నోటు పుస్తకాలలో గీసుకొన్నారు. బుర్సా నగరంలోని పచ్చ మసీదు ఆయన మనస్సులో శాశ్వతంగా నిలిచిపోయింది. మనిషి ఎత్తుకు తగిన చిన్న ద్వారం, దానిని దాటగానే వెలుతురు నిండిన తెల్లని విశాలమైన లోపలి భాగం: చిన్నదాని నుండి పెద్దదానికి, నీడ నుండి వెలుగునకు నడిపించే ఆ క్రమాన్ని ఆయన తరువాతి గ్రంథంలో పాఠంగా వివరించారు. అక్కడి నుండి ఏథెన్సు చేరి పార్థెనాన్ ఎదుట దినాలు గడిపారు. ఆ యాత్రావృత్తాంతం పుస్తకంగా వెలువడినది 1966లో. ఆయన మరణించిన మరుసటి యేడు. మరణానికి కొద్ది వారాల ముందు కూడ ఆ ప్రతిని సరిచూచుకొన్నారంటే ఆ యౌవనయాత్రపై ఆయనకున్న మమకారం ఊహించవచ్చు.

1917లో పారిస్‌లో స్థిరపడ్డారు. ఓజాన్‌ఫా అనే చిత్రకారునితోను, దెర్మే అనే కవితోను కలిసి 1920లో 'లెస్ప్రి నూవో' అనే పత్రికను ప్రారంభించారు. 1925 వరకు 28 సంచికలు వచ్చాయి. లె కార్బూజియే అన్న కలంపేరు పుట్టినది ఆ పత్రికలోనే. అందులోని వ్యాసాలను కూర్చి 1923లో 'వెర్ జ్యూన్ ఆర్షితెక్త్యూర్' అనే గ్రంథాన్ని ప్రకటించారు. వాస్తువు దిశగా అని దాని భావం. 1927లో వచ్చిన ఆంగ్లానువాదం పేరులో 'నూతన' అన్న మాట చేరింది. మూలంలో అది లేదు. నూతనత్వం కంటె శాశ్వతమైన నియమాలనే తాను వెదకుతున్నట్లు ఆయన భావించారు.

ఆ గ్రంథాన్ని తెరచినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. భవనాలను గురించిన పుస్తకంలో ఓడలు, విమానాలు, మోటారు కార్లు, అమెరికా ఖండపు ధాన్యపు గాదెలు కనిపిస్తాయి. ఒక చోట గ్రీకు దేవాలయాల బొమ్మల క్రింద మోటారు కార్ల బొమ్మలు ఉన్నాయి. పెస్టమ్ దేవాలయం నుండి పార్థెనాన్ వరకు రూపం ఏ విధంగా మెరుగుపడిందో, పాతకారు నుండి కొత్తకారు వరకు కూడ అదే విధంగా మెరుగుపడిందని చెప్పుట ఆయన ఉద్దేశం. వేయి మాటలతో సాధింపరాని వాదాన్ని నాలుగు బొమ్మలను ఒక్క చోట చేర్చి సాధించారు. బొమ్మ అలంకారం కాదు, అదియే వాదం అని నిరూపించిన పుస్తకమిది.

అయితే ఇక్కడనే ఒక సంగతి చెప్పుకొనవలసి ఉన్నది. బ్యూనస్ ఎయిరిస్ నగరపు ధాన్యపు గాదె పైభాగాన పాతకాలపు త్రికోణపు అలంకరణలు ఉండేవి. గ్రంథంలోని ఛాయాచిత్రంలో అవి లేవు, చెరిపివేయబడ్డాయి. శుద్ధమైన రూపం కావాలనుకొన్నవారికి శుద్ధమైన బొమ్మ లభించింది. కాని గాదె అటువంటిది కాదు. తరువాతి పరిశోధకులు అసలు ఛాయాచిత్రాలతో పోల్చి ఈ సంగతి బయటపెట్టారు.

తన పినతండ్రి వరుస బంధువు కుమారుడైన పియర్ జానెరేతో కలిసి ఆయన కార్యాలయం నడిపారు. 1929 వరకు చేసిన పనులను బోసిగర్, స్టొనొరోవ్ అనువారు సంపుటంగా కూర్చగా జూరిక్ నగరంలో అచ్చయింది. 'ఊవ్ర్ కొంప్లెత్', అనగా సమగ్ర కృతులు అన్న పేరుతో 1970 నాటికి ఎనిమిది సంపుటాలు పూర్తి అయినవి. కట్టినవి, కట్టనివి, పోటీలలో ఓడినవి, అన్నియు అందులో పక్కపక్కనే ఉన్నాయి. కట్టని భవనం కూడ కట్టినదానితో సమానంగా లోకాన్ని చుట్టివచ్చింది. 1930లో ఫ్రెంచి పౌరసత్వం పొందినప్పుడు ఆయన గుర్తింపు పత్రంలో వృత్తి రచయిత అని వ్రాయించుకొన్నారంటే వింత లేదు.

ఆ సంపుటాల శక్తికి ఒక నిదర్శనం చాలును. జపానులోని ఒసాకా నగరంలో టాడావో ఆండో అనే యువకుడు పాతపుస్తకాల అంగడిలో లె కార్బూజియే గ్రంథాన్ని చూచాడు. కొనుటకు డబ్బు చాలక కూడబెట్టి కొన్నాడు. అందలి పటాలను మరల మరల గీచి అభ్యసించాడు. అతడును వాస్తువిద్యాలయంలో చదివినవాడు కాదు. 1965లో ఐరోపా బయలుదేరి పారిస్ చేరేసరికి గురువు అప్పుడే మరణించి ఉన్నారు. ఆ ఆండోకే 1995లో వాస్తుకళలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమానం లభించింది. ముఖం చూడని గురువు పుస్తకం ద్వారా శిష్యుణ్ణి తయారుచేయగలడు.

మరి పుస్తకంలోనికి ఎక్కని సంగతులు? పారిస్ సమీపాన పువాసీలో 1931లో పూర్తి అయిన విల్లా సవోయ్ చిత్రాలను చూడని వాస్తువిద్యార్థి ఉండడు. సన్నని స్తంభాలపై తేలే తెల్లని పెట్టె వంటి ఇల్లు. చిత్రాలలో మనుష్యులు కానరారు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్లు బల్లపై టోపీ మాత్రం ఉంటుంది. ఆ టోపీ యజమానులు మాత్రం వాన పడినప్పుడల్లా బాధపడ్డారు. కప్పు కారుతున్నదని, గదులు తడిసిపోతున్నవని ఇంటి యజమానురాలు ఏండ్ల తరబడి లేఖలు వ్రాయవలసి వచ్చింది. 1940లో వారు ఆ ఇల్లు విడిచిపోయారు. బోర్డో దగ్గర పెసాక్‌లో ఫ్రూజెస్ అనే చక్కెర వ్యాపారి 1926లో కట్టించిన కార్మికుల ఇండ్లది ఇంకొక కథ. అక్కడ కాపురమున్నవారు పొడవైన కిటికీలను కుదించారు, చదును కప్పులపై వాలు కప్పులు వేసికొన్నారు. వాస్తుశిల్పి ఒక విధంగా తలచాడు. కాపురం వేరొక విధంగా తలచింది.

నగరాలను గురించిన ఆయన బొమ్మలు మరింత భయపెట్టేవి. 1925 నాటి పథకంలో పారిస్ నడిబొడ్డున పెద్ద భాగాన్ని పడగొట్టి, 60 అంతస్తుల గోపురాలు 18 నిలపాలన్నారు. అల్జీర్సు నగరంలోని కస్బా ఇండ్లను, వాటి మేడలను, లోపలి ముంగిళ్లను ఆయన మనసారా మెచ్చుకొన్నారు. కాని 1930ల మొదట అదే నగరానికి గీసిన పథకంలో ఆ కస్బా నెత్తిమీదుగా మోటారు రహదారిని నడిపించారు. అక్కడి ప్రజలను అడిగినవారు లేరు. 1941, 42 సంవత్సరాలలో జర్మనులకు లొంగిన విషీ ప్రభుత్వాన్ని ఆశ్రయించి ఈ పథకాలు నెరవేర్చుకొనుటకు యత్నించి విఫలులయ్యారు. ఆయన ప్రతిభను మెచ్చేవారు ఈ మచ్చను కూడ చూడక తప్పదు.

మన దేశంతో ఆయన సంబంధం 1950లో ఆరంభమయింది. దేశవిభజనలో లాహోరును కోల్పోయిన పంజాబుకు నూతన రాజధాని కావలసి వచ్చింది. నెహ్రూ గారి ప్రోత్సాహంతో చండీగఢ్ నిర్మాణం తలపెట్టారు. ఆయన ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయే ఏర్పాటుపై అంగీకరించి, నగరపటాన్ని, హైకోర్టు, సచివాలయం, శాసనసభ భవనాలను రూపొందించారు. ఆనాటి గ్రంథాలలో పెద్ద బొమ్మలుగా కనిపించేవి ఇవే. కాని బంట్రోతు మొదలు మంత్రి వరకు 13 తరగతుల ప్రభుత్వ గృహాలను ఊహించినవారు పియర్ జానెరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, వారితో పనిచేసిన భారతీయ యువ వాస్తుశిల్పులు. పియర్ జానెరే 1965 వరకు అక్కడనే ఉండి, తన చితాభస్మాన్ని సుఖ్నా సరస్సులో కలపాలని కోరారు. జనం నిద్రించే ఇల్లు పుస్తకంలో చిన్న బొమ్మ. జనం ఎప్పుడో ఒకనాడు పోయే సభాభవనం పెద్ద బొమ్మ. పారిస్‌లో ఆయన వద్ద పనిచేసి, అహమ్మదాబాదు భవనాల నిర్మాణాన్ని పర్యవేక్షించిన బాలకృష్ణ దోషీ తరువాత తమ దారి తాము వెదకుకొని అల్పాదాయ వర్గాల ఇండ్లపై శ్రద్ధ చూపారు. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమానం పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఇంతవరకు చదివినవారు లె కార్బూజియే దోషాలను ఎన్నడును ఒప్పుకోలేదని అనుకోవచ్చును. మేము కూడ అట్లే అనుకొనేవారము, 1954లో ఆయన ప్రకటించిన చిన్న పుస్తకం సంగతి తెలిసేవరకు. 1920లలో తల్లిదండ్రుల కొరకు జెనీవా సరస్సు ఒడ్డున ఒక చిన్న ఇల్లు కట్టారు. తండ్రి అందులో ఎంతోకాలం ఉండకుండగనే మరణించారు. తల్లి 1960లో మరణించే వరకు ఆ ఇంటనే ఉన్నారు. ఆ ఇంటిని గురించి తన గీతలతో, ఛాయాచిత్రాలతో వేసిన పుస్తకమది. సరస్సు నీటిమట్టం మారినప్పుడు నేల కదిలి గోడ బీటలు వారిన సంగతిని, దానిపై లోహపు రేకులు తొడిగిన సంగతిని ఆయన అందులో చెప్పారు. గాదె మీది త్రికోణాన్ని చెరిపిన చేయి అమ్మ ఇంటి బీటను చెరుపలేదు. ముప్పది సంవత్సరాలలో మనిషి ఎదిగిన దూరం అది అని మేము భావిస్తున్నాము. బహుశః ఆ ఇంటిలో ఉన్నవారు ఎవరో ఆయన మరచిపోలేకపోయి ఉంటారు.

1965 ఆగస్టు 27న మధ్యధరా సముద్రంలో ఈదుతూ ఆయన కన్నుమూశారు. ఆ తీరాన ఆయన కట్టుకొన్న సొంత గూడు 3.66 మీటర్ల చదరపు కొయ్యగది మాత్రమే. లూవ్ర్ ప్రాసాదపు ముంగిట జరిగిన రాజలాంఛన వీడ్కోలులో భారతదేశం పక్షాన గంగాజలం సమర్పింపబడింది. 2016లో యునెస్కో సంస్థ ఏడు దేశాలలోని ఆయన 17 నిర్మాణాలను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. చండీగఢ్ శాసనసభా ప్రాంగణంతో పాటు, కప్పు కారిన పువాసీ ఇల్లు, కాపురమున్నవారు మార్చుకొన్న పెసాక్ ఇండ్లు, బీటవారిన అమ్మ ఇల్లు కూడ ఆ జాబితాలో ఉన్నాయి.

మన విద్యార్థులలో పారిస్ పోగలిగినవారు కొందరే. చండీగఢ్ పోగలిగినవారు మరికొందరు. పుస్తకం తెరవగలిగినవారు అందరును. బొమ్మను చూచి ఆనందించండి, ఆండో వలె గీచి నేర్చుకొనండి. కాని పుట తిప్పేముందు ఒక్క ప్రశ్న వేసికొనండి: ఈ ఇంటిలో వాన పడిన రాత్రి ఎవరున్నారు? ఆ ప్రశ్న వేసే విద్యార్థి రేపు ఇల్లు కట్టినను, గ్రంథం వ్రాసినను, ఎవరికో ఆశ్రయమిచ్చే పనియే చేస్తాడు.