గురువులకు గురువు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

1862లో మచిలీపట్నంలో జన్మించిన వెంకటరత్నం నాయుడుగారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో మిల్లర్ దొరగారి శిష్యులు. తాము బ్రహ్మసమాజస్థులైనను మచిలీపట్నపు నోబుల్ కళాశాలలో బోధించిరి. సికిందరాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండి, 1904లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాల బాధ్యత స్వీకరించిరి. అచ్చట ఆడపిల్లలకు కళాశాల తలుపులు తెరిచిరి. పేద విద్యార్థులను ఆదుకొనిరి. పాఠముతోపాటు శీలమును నేర్పుటయే వారి పద్ధతి. తరగతిలో చెప్పినది తమ నడవడిలో చూపిరి. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరుగా పనిచేసి, 1939లో కన్నుమూసిరి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘముల బిడ్డలను కళాశాలలకు పంపుచున్న మనము మార్కులు చూచి మురియుచున్నాము. బోధించువారు ఎట్టివారో, ఎట్లు బోధించుచున్నారో కూడ విచారింపవలెనని ఈ జీవితము మనకు తెలుపుచున్నది.