ఒక్క భుజాన్ని కొలిచి దేశాన్ని గీసిన లాంబ్టన్

కో.భు.కో. నియమం హైస్కూలు పిల్లలకు నోటికి వస్తుంది. రెండు కోణాలూ, వాటి మధ్య భుజమూ సమానమైతే రెండు త్రిభుజాలూ సర్వసమానాలని గడగడా చెప్పేస్తారు. అది దేనికి పనికొస్తుందని అడిగితే మాత్రం పరీక్ష తప్ప మరో జవాబు దొరకదు. ఆ నియమాన్ని నమ్ముకుని ఇరవై ఏళ్లు దక్షిణాదిని కొలిచిన విలియం లాంబ్టన్ పని మన మద్రాసు శివార్లలోనే మొదలైంది.

ఆయన 1750లలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పేద రైతు కుటుంబంలో పుట్టాడు. 1781లో సైన్యంలో చేరాడు. అదే ఏడు అమెరికా యుద్ధంలో యార్క్‌టౌన్ దగ్గర బందీగా చిక్కాడు. విడుదలయ్యాక న్యూ బ్రన్స్‌విక్‌లో చాలా ఏళ్లు చిన్న ఉద్యోగం చేస్తూ గణితం తనంతట తానే చదువుకున్నాడు. సూర్యగ్రహణం చూడబోయి ఒక కంటిచూపు పోగొట్టుకున్నాడంటారు (గ్రహణం రోజున పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పండి). నడివయసు దాటాక ఇండియాకు వచ్చి, 1799లో టిప్పు సుల్తానుపై యుద్ధంలో పాల్గొన్నాడు. ఒక రాత్రి దళం దారి తప్పి శత్రువు వైపే నడుస్తోందని నక్షత్రాలను చూసి పసిగట్టింది ఆయనే.

యుద్ధం ముగిశాక కుంపిణీ చేతికి బోలెడంత నేల వచ్చింది గాని, దానికి సరైన పటం లేదు. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా కొలుస్తానని లాంబ్టన్ ముందుకొచ్చాడు. కొండలూ ఏళ్లూ అడవులూ ఉన్న నేల మీద అడుగడుగునా గొలుసు పరవడం జరిగే పని కాదు. అందుకే ఆయన ఒక్క భుజాన్నే నేల మీద కొలవాలనుకున్నాడు. దాని రెండు కొసల నుంచి దూరపు కొండ ఎంత కోణంలో కనిపిస్తుందో చూస్తే చాలు. ఆ భుజంతో, ఆ కోణాలతో ఒకే ఒక్క త్రిభుజం కుదురుతుంది. మిగతా రెండు భుజాలూ లెక్కలో వస్తాయి. అలా వచ్చిన భుజం మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి.

మరి మూడు కోణాలూ కొలిస్తే చాలదా? పిల్లలు తరచూ తడబడేది ఇక్కడే. మూడు కోణాలతో ఆకారం తెలుస్తుంది గాని పరిమాణం తెలియదు. పటంలోని మద్రాసు అరచేతంతా కావచ్చు, ఆకాశమంతా కావచ్చు. అందుకే ఆ మొదటి భుజం కోసం లాంబ్టన్ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

1802 ఏప్రిల్ 10న సెయింట్ థామస్ మౌంట్, అంటే పరంగిమల దగ్గర కొలత మొదలైంది. అక్కడి నుంచి దక్షిణాన పెరుంబాక్కం గుట్ట వైపు ఏడున్నర మైళ్లు. నూరడుగుల ఉక్కు గొలుసును నేల మీద ఈడ్వకుండా కర్రపెట్టెల్లో పరిచి, ముక్కాలి పీటల మీద మట్టసంగా నిలిపి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టారు. ఎండకు ఉక్కు సాగుతుంది గదా. పది డిగ్రీల వేడి పెరిగితే నూరడుగుల గొలుసు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని నాలుగు వందల సార్లు పరిస్తే దాదాపు 1.4 మీటర్ల తేడా! మొదటి భుజంలో తప్పు దొర్లితే తర్వాతి త్రిభుజాలన్నిటికీ అదే పాకుతుంది. అందుకే 1804లో బెంగళూరు దగ్గర మరో భుజాన్ని నేల మీదే కొలిచి, లెక్కలో వచ్చిన పొడవుతో పోల్చాడు. మైళ్ల పొడవులో తేడా కొద్ది అంగుళాలే.

థియోడలైట్ లేకున్నా ఇదే నియమాన్ని మన ఆరణి ఏటి ఒడ్డున పిల్లలతో చేయించవచ్చు. అవతలి ఒడ్డున ఒక చెట్టును గుర్తు పెట్టుకోండి. దానికి సూటిగా ఇవతల మేకు పాతండి. ఒడ్డు వెంబడి ఇరవై అడుగులు వేసి ఒక కర్ర నాటండి, మరో ఇరవై వేసి ఆగండి. అక్కడి నుంచి ఏటికి వీపు పెట్టి, ఒడ్డుకు లంబంగా నడవండి. కర్ర, చెట్టు ఒకే వరుసలో కనిపించిన చోట నిలబడండి. లంబంగా నడిచిన దూరమే ఏటి వెడల్పు. రెండు లంబకోణాలు, రెండు సమాన భుజాలు, కర్ర దగ్గర శీర్షాభిముఖ కోణాలు: నిరూపణ పిల్లలే చెబుతారు. లాంబ్టన్ ఇలా రెండో త్రిభుజాన్ని నేల మీద వేయలేదు, త్రికోణమితితో కాగితం మీద కట్టాడు. ఆ లెక్క నేల మీది త్రిభుజానికి తప్పక సరిపోతుందన్న భరోసా మాత్రం ఈ నియమానిదే.

ఆయన థియోడలైట్ అర టన్ను బరువు. లండన్ నుంచి వస్తుండగా ఫ్రెంచి ఓడ పట్టుకుని మారిషస్ చేర్చింది. అక్కడి గవర్నరు దాన్ని మర్యాదగా మద్రాసుకు పంపేశాడు. 1808లో తంజావూరు పెద్దగుడి విమానం పైకి లాగుతుంటే తాడు తెగి, పరికరం గోడకు కొట్టుకుని వంకరపోయింది. లాంబ్టన్ వారాల తరబడి గుడారంలో కూర్చుని దాన్ని మళ్లీ గుండ్రంగా సరిచేశాడు.

రెండు కోణాలు చాలినా, ఆయన వీలైన చోటల్లా మూడూ కొలిచేవాడు. మొత్తం 180 డిగ్రీలకు ఎంత దగ్గరగా ఉందో చూస్తే కొలత మంచిచెడ్డలు తెలుస్తాయి. భూమి గుండ్రం కాబట్టి నిజానికి మొత్తం ఒక పిసరు ఎక్కువే రావాలి. సుమారు 200 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను. దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. నాలుగు వందల మైళ్లనుకున్న ద్వీపకల్పం వెడల్పు 360 మైళ్లేనని తేలింది.

ఈ పటాలు కుంపిణీ సైన్యానికీ, పన్నుల వసూళ్లకూ అక్కరకొచ్చినవేనని మరిచిపోకూడదు. జెండాలు మోసిన, కొండలెక్కిన మన కూలీల పేర్లు పటాల మీద లేవు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఆయన సహాయకుడు జార్జ్ ఎవరెస్టూ, దాదాపు ఆ బృందమంతా జ్వరాల పాలయ్యారు.

1823 జనవరి 20న, హైదరాబాదు నుంచి నాగపూరు వెళ్లే దారిలో, హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ కన్నుమూశాడు. అప్పటికి డెబ్బై ఏళ్ల వయసు. పరంగిమల దగ్గర మొదలైన త్రిభుజాల వరుసను ఎవరెస్టు హిమాలయాల అడుగు దాకా తీసుకెళ్లాడు.