మెకాలే పఠనదీక్ష

పెద్ద గ్రంథమును చేతబట్టుటకే జంకువారు లోకమున పెక్కుమంది. ఉత్సాహముతో ప్రారంభించి, నాలుగవ వంతు ముగియకముందే అటకమీద చేర్చువారు మరికొందరు. అట్టి గ్రంథములను పదులకొలదిగా, ఒకదాని వెంట నొకటి, వర్తకుడు పద్దు వ్రాసినట్లు లెక్క వ్రాసికొనుచు చదివి ముగించినవారు అరుదు. అట్టి అరుదైన పాఠకులలో థామస్ బాబింగ్టన్ మెకాలే ఒకడు. మన దేశమున అతని పేరు ఆంగ్లవిద్యా విధానముతో ముడిపడి, మెప్పుకంటె నిందకే ఎక్కువగా పాత్రమైనది. ఆ నింద నిష్కారణమైనది కాదు. అయినను అతడెట్టి పాఠకుడో తెలిసికొనిన పిమ్మటనే అతని గొప్పతనమును, అతని లోపమును సరిగా తూచుటకు వీలగును.

మెకాలే 1800వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన ఆంగ్లదేశమున లెస్టర్ మండలములోని రాత్లీ టెంపుల్ అను భవనమున జన్మించెను. తండ్రి జకరీ మెకాలే బానిస వ్యాపార నిర్మూలనమునకై జీవితమును ధారవోసిన ధర్మపరుడు. మూడవ యేటనే బాలునికి చదువు పట్టుబడినది. చలిమంట యెదుట తివాచీపై బోరగిలబడి, నేలపై పుస్తకమును పరచుకొని, చేత రొట్టెముక్కతో గంటలకొలది చదువుట ఆ పసివాని నిత్యకృత్యము. ఒకనాడు తండ్రి వెంట పొరుగింటికి పోయి, పెద్దలు మాటలాడుచుండగా అచ్చట కనబడిన వాల్టర్ స్కాట్ కావ్యమును చదివి, ఇల్లు చేరిన పిదప తల్లికి అందలి సర్గలను జ్ఞాపకమునుండి అప్పగించెను. మనవారు ఏకసంథాగ్రాహి యని చెప్పు ధారణ అతనికి పుట్టుకతో అబ్బినది.

ఇంతటి ధారణాశక్తి గలవాడు పరీక్షలన్నిటను ప్రథముడై యుండునని తలపవచ్చును. అట్లు జరుగలేదు. 1818లో కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో చేరిన మెకాలే ఆంగ్లకవిత్వమునకు రెండు పర్యాయములు బంగారు పతకమును గెలిచెను గాని, గణితమునందు అభిరుచి లేమిచే 1822లో గౌరవ పట్టికలో అతని పేరు కానరాలేదు. అయినను గ్రీకు, లాటిను భాషలలో సంపాదించిన పాండిత్యము వ్యర్థము కాలేదు. 1824లో అదే కళాశాల అతనిని తన విద్వత్సభ్యునిగా ఎన్నుకొన్నది. మరుసటి యేట మహాకవి మిల్టనుపై వ్రాసిన వ్యాసముతో అతని కీర్తి దేశమంతట వ్యాపించెను.

కీర్తి పెరిగినంతగా సంపద పెరుగలేదు. తండ్రి వ్యాపారము చితికిపోగా కుటుంబభారము పెద్దకుమారుని పైబడినది. 1830లో పార్లమెంటు సభ్యుడై మహోపన్యాసకుడని పేరొందిన దినములలోనే, ఇంటి యవసరములకై తాను గెలిచిన బంగారు పతకములను అమ్ముకొనవలసి వచ్చెను. 1833 చార్టరు చట్టముచే గవర్నరు జనరలు సభలో న్యాయసభ్యుని పదవి యేర్పడినప్పుడు, సాలునకు పదివేల పౌనుల జీతముగల ఆ యుద్యోగమును అతడు అంగీకరించుటకు ముఖ్యకారణ మిదియే. కొన్నియేండ్లు ప్రవాసమున్నచో కుటుంబము ఋణబాధనుండి తేరుకొనుననియు, తన శేషజీవితము సాహిత్యమునకు దక్కుననియు అతడు లెక్కవేసికొనెను.

1834 ఫిబ్రవరిలో సోదరి హన్నాతో కూడి అతడు ఓడ నెక్కెను. ఆనాటికి సూయజు కాలువ లేదు. ఆఫ్రికా ఖండమును చుట్టి రావలెను. చెన్నపట్టణము చేరుటకు నాలుగు మాసములు పట్టినది. తక్కిన ప్రయాణికులు నాట్యములతో, ముచ్చటలతో ప్రొద్దుపుచ్చుచుండగా మెకాలే భోజనసమయమున దప్ప ఇతరులతో మాటలాడుటయే అరుదు. ఆ నాలుగు మాసములలో అతడు చదివిన గ్రంథముల పట్టిక చూచువారికి దిగ్భ్రమ కలుగును. హోమరు మహాకావ్యములు రెండు, వర్జిలు, హొరేసు, సీజరు, బేకను, డాంటే, పెట్రార్కు, అరియోస్టో, టాసో, డాన్ క్విక్సోటు, గిబ్బను రచించిన రోము చరిత్ర, మిల్లు వ్రాసిన హిందూదేశ చరిత్ర, సిస్మాండీ ఫ్రెంచిదేశ చరిత్ర, ఏడు బృహత్సంపుటముల బ్రిటిషు జీవితచరిత్రకోశము; ఇవిగాక వోల్టేరు రచనలు డెబ్బది సంపుటములు! సముద్రప్రయాణమున కాలము గడువక పరితపించువారు ఆనాడు ఎందరో కలరు. మెకాలేకు ఆ ప్రయాణము ఒక గురుకులవాసమైనది.

జూన్ 10న చెన్నపట్టణమున దిగి, గవర్నరు జనరలు బెంటింకు ఉదకమండలమున నుండుటచే, పల్లకిలో బోయీల భుజములపై ఆర్కాటు, బెంగుళూరు, మైసూరుల మీదుగా అతడు నీలగిరులకు పోయెను. అచ్చట వర్షకాలమున ఒక విచిత్రము జరిగినది. రిచర్డుసను వ్రాసిన క్లారిసా అను నవల అతనివెంట నుండెను. ఆంగ్లనవలలలో దానియంత దీర్ఘమైనవి మిక్కిలి అరుదు. దాని పదముల సంఖ్య పదిలక్షలకు చేరువ. అంతయు ఉత్తరముల రూపమున నడచును. దానిని మెకాలే అచ్చటివారికి ఎరువిచ్చెను. క్రమముగా ఆ కొండయూరి దొరలు, దొరసానులు అందరును ఆ కథలో మునిగిపోయిరి. గవర్నరు పత్ని ఒక సంపుటమును పట్టుకొన్నచో కార్యదర్శి దానికై కాచుకొనియుండెననియు, ప్రధాన న్యాయమూర్తి కన్నీటిచే అక్షరములు కానక బాధపడెననియు మెకాలే చెప్పగా విన్న నవలాకారుడు థాకరే తరువాత ఆ ముచ్చటను లోకమునకు వెల్లడించెను. దీర్ఘగ్రంథమును ఒంటరిగా చదువుటకంటె నలుగురు కలసి, సంపుటములు మార్చుకొనుచు, చర్చించుకొనుచు చదువుట ఎంత సులభమో ఈ వృత్తాంతమే చెప్పుచున్నది. మన పల్లెలలో భారత పురాణకాలక్షేపములు నడచినదియు ఈ రహస్యము మీదనే గదా!

1834 నవంబరు చివర మెకాలే కలకత్తాలో చౌరంగీ యందలి తన గృహమున పుస్తకముల పెట్టెలను విప్పెను. ఆ డిసెంబరులో హన్నాకు చార్లెస్ ట్రెవెలియనుతో వివాహమైనది. అవివాహితుడైన మెకాలేకు చెల్లెండ్రే సర్వస్వము. హన్నా పరాయి ఇంటిదైనదను దిగులు తీరకమునుపే, 1835 జనవరిలో మరియొక వార్త వచ్చినది. ఆంగ్లదేశముననున్న చిన్నచెల్లెలు మార్గరెటు విషజ్వరముచే గత ఆగస్టులోనే గతించినది. తాను ఓడ దిగి, కొండలపై నవలను గూర్చి ముచ్చటించుచున్న దినములలోనే ఆమె వెళ్లిపోయినదని తెలిసి అతడు కుమిలిపోయెను. ఆ దుఃఖమునుండి తన ప్రాణమును, మతిని కాపాడినది సాహిత్యమే యని అతడు మిత్రుడు ఎల్లిసునకు వ్రాసికొనెను. పఠనము అంతవరకు అతనికి విలాసము, ఆనాటినుండి ఔషధమైనది.

ఔషధమును సేవించువాడు వేళ తప్పడు. మెకాలేయు అట్లే నియమమేర్పరచుకొనెను. తెల్లవారుజామున లేచి, ఫలాహారమునకు ముందు మూడు నాలుగు గంటలు గ్రీకు, లాటిను గ్రంథములను చదివెడివాడు. పిదపనే రాజకార్యములు. ఒక్కొక్క గ్రంథము ముగిసినప్పుడు చివరి పుటలో తేదీని, తన యభిప్రాయమును పెన్సిలుతో గుర్తించెడివాడు. 1835 డిసెంబరు చివర, అంగడివాడు సంవత్సరాంతమున ఆదాయవ్యయములు తేల్చుకొన్నట్లు, పదుమూడు మాసముల పఠనమునకు పద్దు కట్టి ఎల్లిసునకు పంపెను. ఈస్కిలసు, సోఫోక్లీసు, పిండారు, థియోక్రిటసు రెండేసి పర్యాయములు, యూరిపిడీసు ఒక పర్యాయము, హెరొడోటసు, థ్యుసిడైడిసు చరిత్రలు, జెనోఫను, ప్లేటోల రచనలు దాదాపు అన్నియు, ప్లూటార్కు జీవితచరిత్రలు సమగ్రముగా, లాటినులో ప్లాటసు, టెరెన్సు, లుక్రీషియసు రెండేసి పర్యాయములు, లివీ, సాలస్టు, సీజరు, చివరకు సిసెరో. సిసెరోలో కొంచెము మిగిలినదనియు, కొలది దినములలో దానిని ముగింతుననియు ఆ పద్దులోనే అతడు చేర్చెను. మిగిలినది దాచక చెప్పుటయే నిజమైన లెక్క.

ఈ పట్టికలో గమనింపదగినది సంఖ్య మాత్రమే కాదు. చదివినదానినే మరల చదువుట అందు ముఖ్యము. వేగముగా చదువుటలో మెకాలే ప్రసిద్ధుడు. ఇతరులు పుటలు త్రిప్పు వేగముతో అతడు చదువునని మేనల్లుడు జార్జి ట్రెవెలియను 1876లో ప్రకటించిన జీవితచరిత్రలో తెలిపినాడు. అంతటి వేగము, అంతటి ధారణ కలవాడును ఉత్తమ కావ్యములకు ఒక పర్యాయము చాలదని నమ్మెను. రెండవ పఠనమున తొలి యభిప్రాయమును సవరించుకొనుటకును వెనుదీయలేదు.

కాని ఈ మహాపాఠకుని జీవితములో ఒక మూసిన తలుపు కలదు. మార్గరెటు మరణవార్త విన్న కొలది దినములకే, 1835 ఫిబ్రవరి 2వ తేదీన, అతడు విద్యావిధానముపై తన ప్రసిద్ధ లేఖను సమర్పించెను. సంస్కృత, అరబ్బీ భాషలు తనకు రావని అందులో స్వయముగా ఒప్పుకొనెను. అనువాదములను చూచియు, పండితులతో మాటలాడియు తెలిసికొన్నంత మాత్రమున, ఐరోపా గ్రంథాలయములోని ఒక్క బీరువా వరుసకు ఈ దేశపు వాఙ్మయమంతయు సాటిరాదని తీర్పు చెప్పెను. మార్చి 7న బెంటింకు ఆ మార్గమునే ప్రభుత్వ నిర్ణయముగా ప్రకటించెను. దేశభాషల విద్యకు కలిగిన నష్టము తరతరములకు సాగినది.

తెల్లవారుజామున లేచి సోఫోక్లీసును రెండు పర్యాయములు చదివినవానికి, తానున్న కలకత్తాలోనే పండితులు కాళిదాసును, వ్యాసుని పాఠము చెప్పుచున్న సంగతి తెలియనిది కాదు. కాలము చాలలేదని చెప్పుటకు వీలులేదు. డెబ్బది సంపుటముల వోల్టేరునకు లభించిన కాలము ఒక భాషను నేర్చుటకు లభింపకపోదు. కొరవడినది కాలము కాదు, అపేక్ష. అదే కంపెనీ కొలువులోనుండిన సి.పి. బ్రౌను, కడపలోను, బందరులోను, రాజమహేంద్రవరములోను తెలుగు పండితుల చెంత కూర్చుండి తాళపత్రములు చదివి, అంతకు ఆరేండ్ల ముందే, 1829లో, వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించియుండెను. మెకాలే చదివినన్ని సంపుటములు బ్రౌను చదివెనో లేదో గాని, పరభాషా ద్వారమును తట్టి లోనికి ప్రవేశించెను. మెకాలే ఆ ద్వారము చెంతకైనను పోకయే లోపలి వస్తువులకు వెల కట్టెను.

భాష నేర్చుశక్తి అతనికి లేదనుటకును వీలులేదు. 1838 జనవరిలో స్వదేశమునకు తిరుగు ప్రయాణమైనప్పుడు, ఆ యాత్రాకాలమును జర్మను భాషకై ముందుగనే కేటాయించెను. అతని పద్ధతి విద్యార్థులకు ఉపకరింపదగినది. తనకు కంఠస్థమైన బైబిలును క్రొత్తభాషలో మొదట చదువును. విషయము తెలిసినదే గనుక నిఘంటువు అవసరము స్వల్పము. సామాన్య పదములు, విభక్తులు పరిచయమైన పిదప వ్యాకరణమును చూచును. తరువాత ఒక ఉత్తమ రచయితను చేపట్టును. ఈ సాధనమునే ఏ పండితుని సాహాయ్యముతోనైనను సంస్కృతమునకు వినియోగించియున్నచో ఫిబ్రవరి లేఖ వేరొక విధముగ నుండెడిదేమో!

భారతదేశమున అతడు సాధించిన మరియొక మహాకార్యము శిక్షాస్మృతి ముసాయిదా. సహసభ్యుల అనారోగ్యముచే భారములో అధికభాగము తానే వహించి 1837లో దానిని సమర్పించెను. అది 1860లో చట్టమై, 2024 జూన్ వరకు మన దేశమున అమలులో నుండెను.

స్వదేశమున అతడు 1839లో ఇంగ్లండు చరిత్ర రచనకు పూనుకొనెను. 1685 నుండి తన కాలపు పెద్దలకు జ్ఞాపకమున్న రోజులవరకు వ్రాయవలెనని సంకల్పము. మొదటి రెండు సంపుటములు 1848లో వెలువడి అపూర్వాదరము పొందినవి. తరువాతి భాగమునకు 1849లో ప్రణాళిక వేసికొనెను. తొలుత ఆ కాలపు కరపత్రములు, లేఖలు, పత్రికలు చదువుట, యుద్ధములు జరిగిన తావులను స్వయముగా చూచుట, పిదప దినమునకు రెండు పుటల చొప్పున రచన, రెండేండ్లలో ముగింపు, మరి యొక యేడు మెరుగు. దినమునకు నియమించుకొన్న ఆ కొలతను అతడు తన పాఠమని పిలుచుకొనెడివాడు. కాని 1852లో గుండెజబ్బు పైకొన్నది. సంపుటములు 1855 డిసెంబరునకు గాని వెలువడలేదు. గడువు తప్పినను పని తప్పలేదు. ఓపిక తగ్గిన దినములలో కొలత తగ్గించుకొనెను గాని మానలేదు.

1859 డిసెంబరు 28వ తేదీ సాయంకాలము, కెన్సింగ్టనులోని స్వగృహమున, గ్రంథాలయములో వాలుకుర్చీపై, తెరచిన పుస్తకము ప్రక్కన ఉండగా మెకాలే కన్నుమూసెను. అతని దేహమును వెస్ట్‌మినిస్టరు ఆబీలో కవుల సమాధుల సన్నిధిని ఖననము చేసిరి. అయిదవ సంపుటమును హన్నా సవరించి 1861లో ప్రకటించినది. నూటనలువది యేండ్లకు పైబడిన చరిత్రను వ్రాయదలచినవాడు 1702లో విలియము రాజు మరణము వరకు, అనగా పదునేడేండ్ల చరిత్రను మాత్రమే వ్రాయగలిగెను. అయినను ఆ పదునేడేండ్ల చరిత్ర నేటికిని చదువబడుచున్నది.

ఈ జీవితమునుండి ఉపాధ్యాయులును, విద్యార్థులును గ్రహింపదగిన అంశములు రెండు. పదునెనిమిది పర్వముల భారతమైనను, డెబ్బది సంపుటముల రచనయైనను, దినమున కింతయని కొలత పెట్టుకొని, ముగిసిన తేదీని వ్రాసికొనుచు, మిగిలినదానిని దాచక సాగినచో తరుగక మానదు. ఇది మొదటిది. రెండవది అంతకంటె గురుతరమైనది. చదివిన పట్టిక ఎంత దీర్ఘమైనను, చదువనిదానిపై తీర్పు చెప్పు అధికారమును అది ప్రసాదింపదు. పుస్తకముల లెక్క వ్రాసికొనువాడు, తాను తెరువని పుస్తకముల లెక్కను గూడ ప్రక్క పుటలో వ్రాసికొనవలెను. మెకాలే మొదటి పద్దును నిష్కపటముగా వ్రాసెను. రెండవ పద్దును వ్రాయలేదు. దాని మూల్యమును అతడు చెల్లింపలేదు. మన దేశభాషలు చెల్లించినవి.