నడక మానని రోగి



షుగరు వచ్చిందనో, బి.పి. ఉందనో డాక్టరు చెప్పిన నాటి నుంచి మన ఇళ్లలో కొందరు పెద్దలు వాలుకుర్చీకి అంకితమైపోతారు. మంచినీళ్లు కూడా మనవడు తెచ్చి అందించాలి. ఇంట్లోవాళ్లు కూడా ప్రేమకొద్దీ వారిని కదలనివ్వరు. జబ్బు మనిషికి కూర్చోవడమే క్షేమమనే నమ్మకం మనలో బాగా నాటుకుపోయింది. ఆ నమ్మకం తప్పని తన బ్రతుకుతో చూపించిన ఒక రోగి కథ ఈ వారం చెప్పుకుందాం.

ఆయన మన ప్రాంతానికి కొత్తవారు కారు. 1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించిన గాంధీ మహాత్ముడే ఆయన. మైపాడు సముద్రతీరం ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే ఆ పల్లిపాడు ఉంది.

1869లో పోరుబందరులో పుట్టిన గాంధీగారికి బడిలో కసరత్తు అంటే గిట్టేది కాదు. ఆరుబయట గాలిలో నడవడం మంచిదని పుస్తకాల్లో చదివి, చిన్ననాడే నడక అలవాటు చేసుకున్నారు. లండనులో చదువుకునే రోజుల్లో బండి ఖర్చు మిగుల్చుకుంటూ రోజుకు 8, 10 మైళ్లు నడిచేవారు. దక్షిణాఫ్రికాలో 1910లో టాల్‌స్టాయ్ క్షేత్రం పెట్టాక, అక్కడి నుంచి 21 మైళ్ల దూరంలోని జోహాన్నెస్‌బర్గుకు కాలినడకన వెళ్లివచ్చేవారు.

ఇదంతా విని ఆయన వజ్రకాయుడని అనుకోకండి. 1914లో ఆయనకు ఊపిరితిత్తుల పొర వాచింది. 1918లో ఖేడా జిల్లాలో ఒంటిని లెక్కచేయకుండా ఊరూరా తిరిగి, చివరికి జిగట విరేచనాలతో చావు అంచు దాకా వెళ్లారు. 1919లో మొలలకు శస్త్రచికిత్స జరిగింది. మలేరియా పలుమార్లు పీడించింది. అన్నిటికీ మించి, 1927లో పర్యటన మధ్యలో రక్తపోటు ఆయన్ను మంచాన పడేసింది. ఆ జబ్బు ఇక వదలలేదు. 1940 ఫిబ్రవరి 19న ఆయన రక్తపోటు 220/110 ఉన్నట్లు వైద్యుల నమోదుల్లో ఉంది. అంత రక్తపోటు నేడు ఎవరికైనా కనబడితే డాక్టర్లు ఎంత కంగారు పడతారో మీకు తెలుసు.

గాంధీగారికి వైద్యుల మీద మొదట్లో పెద్ద నమ్మకం లేదు. 1918 జబ్బులో మందులు, ఇంజెక్షన్లు వద్దన్నారు. అయితే 1924 జనవరిలో ఎరవాడ జైలులో ఉండగా అపెండిక్సు వాచినప్పుడు, పూనా సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ అనే ఆంగ్లేయ వైద్యుని చేతికి తన దేహాన్ని అప్పగించారు. శస్త్రచికిత్స మధ్యలో విద్యుత్తు పోతే, లాంతరు వెలుగులో పని ముగించారు. తర్వాత బొంబాయి దగ్గర జుహూ సముద్రతీరంలో ఉండి కోలుకున్నారు. 1927లో కూడా వైద్యుల మాట విని నందికొండల మీద, బెంగుళూరులో వారాల తరబడి విశ్రాంతి తీసుకున్నారు. పడుకోవలసినప్పుడు పడుకున్నారు, లేవగలిగినప్పుడు లేచారు. ఆయన జీవితంలో మనం నేర్చుకోవలసిన తెలివి ఇదే.

మూడేళ్ల తర్వాత, 1930 మార్చి 12న, సబర్మతి నుంచి దండి సముద్రతీరానికి బయలుదేరారు. వయస్సు అరవై నిండింది. దాదాపు 385 కిలోమీటర్లు, 24 రోజులు. అలసిపోతే ఎక్కడానికి ఒక గుర్రాన్ని వెంట ఉంచారు కానీ ఆయన ఎక్కలేదు. అయినా అది మొండి సాహసం కాదు. ఉదయం కొంత, సాయంత్రం కొంత నడిచేవారు, ఎండవేళ ఏదో ఒక ఊరిలో ఆగేవారు. సోమవారం నడక లేదు. విశ్రాంతిని కూడా ప్రయాణంలో భాగంగా లెక్కవేసుకున్నారు.

1936లో వార్ధా దగ్గర సేగాం అనే పల్లెకు, అంటే తరువాతి సేవాగ్రాముకు, చేరారు. రక్తపోటుతోనే ఉదయం, సాయంత్రం నడిచేవారు, ఆశ్రమంలోని పిల్లల భుజాల మీద చేతులు వేసుకుని. రోగులను చూసిరావడం కూడా ఆయన దినచర్యలో భాగం. పర్చురే శాస్త్రి అనే సంస్కృత పండితునికి కుష్ఠువ్యాధి సోకితే, తన కుటీరం దగ్గరే ఆయనకు చోటిచ్చి, తన చేతులతో ఒళ్లు మర్దన చేశారు. 1947లో, 77 ఏళ్ల వయస్సులో, మతకలహాలతో కాలిపోయిన నవఖాలీ పల్లెల్లో చెప్పులు లేకుండా ఊరి నుంచి ఊరికి నడిచి జనాన్ని ఓదార్చారు. అప్పుడు పాదాలు పగిలాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. షుగరు ఉన్నవారు ఈ ఒక్క విషయంలో మహాత్ముణ్ణి అనుకరించరాదు. పాదాల్లో స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడితే మానదు. ఇసుక మీదైనా చెప్పులతోనే నడవాలి, ఇంటికి వచ్చాక పాదాలు చూసుకోవాలి. నడుస్తున్నాం కదా అని మాత్రలు మానకూడదు. నడకలో ఛాతీ నొప్పి, తల తిరగడం, ఊపిరాడకపోవడం కనబడితే వెంటనే ఆగి డాక్టరును కలవాలి. దీర్ఘవ్యాధులు ఉన్నవారు కూడా శక్తి మేరకు వారానికి 150 నిమిషాలైనా చురుకుగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. అంత కుదరనివారు పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు.

మనలో చాలామంది ఏడాదికొకసారి గుణదల మాత మహోత్సవానికి పాదయాత్ర చేసి, మిగిలిన రోజులు కుర్చీలో గడుపుతారు. ఆ భక్తి మంచిదే. కానీ దేహానికి కావలసింది ఏనాటి నడక ఆనాడే. మనిషి అంటే దేహంలో అద్దెకున్న ఆత్మ కాదనీ, రెండూ కలిసిన ఒకే జీవి అనీ పునీత తోమాస్ అక్వినాస్ బోధించాడు. దేహాన్ని మూలన కూర్చోబెడితే మనస్సు కూడా మూలన కూర్చుంటుంది. ఆ దిగులు మన ఇళ్లలో మనం చూస్తూనే ఉన్నాం.

కనుక ఇంట్లోవాళ్లకు ఒక మనవి. మీ అమ్మనో నాన్ననో డాక్టరు నడవమన్నాడంటే, వారి వెంట మీరు కూడా బయలుదేరండి. గాంధీగారికి ఆసరాగా భుజాలు ఉన్నాయి. మన పెద్దలకు మన భుజం ఇద్దాం. ఎటు నడవాలో తోచకపోతే, మంచం పట్టిన ఒక పొరుగువారి ఇంటి దాకా వెళ్లి, పలకరించి రండి. మీ ఒంటికి మేలు, వారి మనస్సుకు ఊరట.