క్రీడాచార్యుడు విన్స్ లొంబార్డీ

గురువు గొప్పతనం శిష్యుల విజయంలో వ్యక్తమవుతుంది. శాస్త్రాన్ని బోధించే ఆచార్యునికీ, క్రీడను నేర్పే శిక్షకునికీ ఈ విషయంలో భేదం లేదు. ఓటమికి అలవాటుపడిన ఒక చిన్న పట్టణపు జట్టును చేపట్టి, తొమ్మిది సంవత్సరాలలో ఐదు పర్యాయాలు దానిని విజేతగా నిలిపిన మహాశిక్షకుడు విన్స్ లొంబార్డీ. అమెరికా దేశీయుల అభిమాన క్రీడ అయిన అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో ఆయన పేరు చిరస్మరణీయం.

లొంబార్డీ 1913 జూన్ 11న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. తల్లి మటిల్డా, తండ్రి హ్యారీ. ఇరువురూ ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలకు చెందినవారు. తండ్రి మాంసం వ్యాపారి. ఐదుగురు సంతానంలో విన్స్ జ్యేష్ఠుడు. దైవభక్తి, క్రమశిక్షణ, కాయకష్టం ఆ ఇంటి సంపదలు. పదిహేనవ ఏట మతగురువు కావాలనే సంకల్పంతో ఆయన క్రైస్తవ గురువిద్యాలయంలో చేరారు. నాలుగు సంవత్సరాల అనంతరం ఆ మార్గాన్ని విడిచిపెట్టినా, నాడు అలవడిన నియమనిష్ఠలు ఆయనను జీవితాంతం వీడలేదు.

1933లో ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, అక్కడి ఫుట్‌బాల్ జట్టులో స్థానం సంపాదించారు. ప్రత్యర్థులను నిలువరించే ముందువరుస ఆటగాళ్లలో ఆయనది చిన్న శరీరమే. అయినా పట్టుదలలో ఆయన ఎవరికీ తీసిపోలేదు. 1936లో ఆ ముందువరుసలోని ఏడుగురిని పత్రికలు ఏడు నల్లరాతి దిమ్మెలుగా అభివర్ణించాయి. వారిలో లొంబార్డీ ఒకరు.

చదువు ముగిసిన తరువాత కొంతకాలం ఆయనకు స్థిరమైన దారి దొరకలేదు. న్యాయశాస్త్ర విద్యలో చేరి, కొద్దికాలంలోనే మానివేశారు. 1939లో న్యూజెర్సీ రాష్ట్రంలోని సెయింట్ సిసిలియా ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. లాటిన్ భాష, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం బోధిస్తూ, సాయంత్రాలు విద్యార్థులకు ఫుట్‌బాల్ నేర్పేవారు. తరగతిలో చివరి విద్యార్థికి అర్థమయ్యేవరకు పాఠాన్ని ముందుకు నడపకూడదన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతినే తరువాత క్రీడారంగానికి అన్వయించారు. 1940లో మేరీ ప్లానిట్జ్‌తో వివాహం జరిగింది. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె.

1949లో ఆయన వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో ప్రసిద్ధ శిక్షకుడు ఎర్ల్ బ్లైక్‌కు సహాయకులయ్యారు. 1951లో పరీక్షలలో అక్రమాలకు పాల్పడిన కారణంగా అనేకమంది విద్యార్థులను ఆ విద్యాలయం తొలగించింది. జట్టులో అధికభాగం ఆ విధంగా తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన కొద్దిమందితో జట్టును పునర్నిర్మించే కార్యంలో లొంబార్డీ పాలుపంచుకున్నారు. అనంతరం 1954లో న్యూయార్క్ జెయింట్స్ వృత్తి జట్టులో దాడి విభాగానికి శిక్షకులయ్యారు. రక్షణ విభాగాన్ని టామ్ లాండ్రీ అనే మరొక ప్రతిభాశాలి చూసేవారు. వీరి సహకారంతో ఆ జట్టు 1956లో విజేతగా నిలిచింది. అయినా ప్రధాన శిక్షక పదవి మాత్రం లొంబార్డీకి చాలాకాలం అందని ఫలమే అయింది. ఇటలీ మూలాలను సూచించే తన ఇంటిపేరే అందుకు కారణమేమోనని ఆయన మనసులో బాధపడేవారు.

ఎట్టకేలకు 1959లో, నలభై ఐదేళ్ల వయసులో, ఆ అవకాశం విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే పట్టణం నుంచి వచ్చింది. అక్కడి ప్యాకర్స్ జట్టుకు ఒక విశిష్టత ఉంది. అది ఏ ధనవంతుని సొత్తూ కాదు. లాభాపేక్ష లేకుండా వాటాలు కొన్న ప్రజలే దానికి యజమానులు. అటువంటి జట్టు 1947 తరువాత ఒక్క సంవత్సరమైనా ఓటములను మించిన విజయాలు సాధించలేదు. 1958లో ఆడిన 12 ఆటలలో ఒకే ఒక్కటి గెలిచి, 10 ఓడింది. జట్టు ఓడితే పట్టణమే తలదించుకునేది.

ఇచ్చట ఆ క్రీడాస్వరూపాన్ని కొంత తెలుసుకోవాలి. మన కబడ్డీలో వలెనే ఇందులోనూ ప్రత్యర్థి భూభాగంలోకి చొచ్చుకుపోవడమే ప్రధానం. ఒక్కొక్క పక్షంలో 11 మంది ఉంటారు. బంతి కోడిగుడ్డువలె కోలగా ఉంటుంది. బంతి చేతిలో ఉన్న పక్షం నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి. లేనిచో బంతి ఎదుటివారి వశమవుతుంది. ప్రత్యర్థి అంచుగీతను బంతితో దాటితే 6 పాయింట్లు, ఆపై ఒక అదనపు పాయింటుకు అవకాశం లభిస్తాయి. బంతిని తన్ని గోల్‌స్తంభాల నడుమ నుంచి పంపితే 3 పాయింట్లు వస్తాయి.

లొంబార్డీ కొత్త ఎత్తుగడలను కుప్పలుగా పోయలేదు. కొద్దిపాటి ఎత్తుగడలనే ఎంచుకుని, వాటిని నిర్దుష్టంగా ఆచరించే వరకు మళ్లీ మళ్లీ సాధన చేయించారు. ఇద్దరు బలిష్ఠులు ముందు పరుగెత్తి దారి తెరవగా, వెనుక ఆటగాడు బంతితో పక్కవైపుగా దూసుకుపోయే స్వీప్ అనే పద్ధతి వాటిలో ముఖ్యమైనది. అది రాబోతున్నదని ప్రత్యర్థులకు తెలిసినా ఆపలేకపోయేవారు. నిర్ణీత వేళకు పావుగంట ముందే హాజరు కావాలన్న నియమం అందరికీ వర్తించేది. ఆ తొలి సంవత్సరమే జట్టు 7 ఆటలు గెలిచింది. 1961, 1962, 1965, 1966 సంవత్సరాలలో విజేతగా నిలిచింది. 1967 జనవరి 15న కాన్సస్ సిటీ జట్టుపై 35–10తో గెలిచి, నేడు సూపర్ బౌల్‌గా ప్రసిద్ధమైన పోటీలో తొలి విజేత అయింది.

నల్లజాతివారు వివక్షకు గురవుతున్న రోజులవి. నల్లజాతి ఆటగాళ్లను సమానంగా ఆదరించని దుకాణాలకు, భోజనశాలలకు తన జట్టులో ఎవరూ వెళ్లరాదని లొంబార్డీ శాసించారు. దక్షిణ రాష్ట్రాలకు వెళ్లినప్పుడు జట్టును వర్ణభేదంతో విడదీసే బసలను అంగీకరించలేదు. వివక్ష చేదును స్వయంగా ఊహించుకోగలిగిన హృదయం ఆయనది.

అయితే ఆయన కోపం కూడా తక్కువది కాదు. ఆటగాళ్లను అందరి ఎదుటా కఠినంగా మందలించేవారు. ఒకనాడు జట్టు నాయకుడు బార్ట్ స్టార్ ఏకాంతంలో ఆయనను కలిసి, తోటివారి ముందు చులకనైన నాయకుని మాట చెల్లదనీ, తప్పుంటే గదిలో చెప్పవలసిందనీ వినయంగా విన్నవించాడు. లొంబార్డీ ఆ మాటలోని న్యాయాన్ని గ్రహించి, నాటి నుంచి అలాగే నడుచుకున్నారు. శిష్యుని నుంచి నేర్చుకోగలగడం గురువుకు న్యూనత కాదు, అలంకారం.

ఆయన జీవితంలో కఠిన పరీక్ష 1967 సీజన్. పేరుపొందిన ఆటగాళ్లు హార్నంగ్, టేలర్ ఆ సంవత్సరం జట్టులో లేరు. మిగిలిన వారిలో పలువురికి వయసు మీరుతున్నది. స్టార్ గాయాలతో బాధపడుతున్నాడు. నవంబరులో ఒకే ఆటలో పిట్స్, గ్రబౌస్కీ అనే ఇద్దరు పరుగువీరులు గాయపడ్డారు. న్యూయార్క్ జట్టు వదులుకున్న చక్ మెర్సీన్ అనే యువకుణ్ణి లొంబార్డీ ఆ లోటు తీర్చడానికి పిలిపించారు. జట్టు 9 గెలిచి, 4 ఓడి, ఒకటి సమం చేసుకుంది. చివరి రెండు ఆటలూ ఓడిపోవడంతో ప్యాకర్స్ శకం ముగిసిందని పలువురు భావించారు. కానీ తరువాతి పోటీలో లాస్ ఏంజిలిస్ జట్టును 28–7తో ఓడించి, తుది సమరానికి అర్హత పొందారు.

1967 డిసెంబరు 31న గ్రీన్ బేలో డల్లాస్ కౌబాయ్స్‌తో ఆ సమరం జరిగింది. డల్లాస్ శిక్షకుడు పూర్వసహచరుడైన టామ్ లాండ్రీయే. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్. నేల గడ్డకట్టకుండా లొంబార్డీ ప్రత్యేకంగా అమర్పించిన భూగర్భ తాపన యంత్రం ఆనాడే విఫలమైంది. మైదానం గాజుపలకవలె మారింది. లోహపు ఈలలు పెదవులకు అతుక్కుపోతుండగా న్యాయనిర్ణేతలు ఈల వేయడం మాని కేకలతోనే ఆటను నడిపారు. మొదట 14–0తో ముందున్న ప్యాకర్స్ చివరి భాగంలో 14–17తో వెనుకబడ్డారు. ఇక ఐదు నిమిషాల లోపే సమయం. అంచుగీత 68 గజాల దూరంలో ఉంది.

ఆ మంచునేలపై ప్యాకర్స్ అడుగడుగునా సాగారు. ఒకరు వదులుకున్న మెర్సీన్ ఒక్కడే ఆ దూరంలో సగం సాధించిపెట్టాడు. గీతకు గజం దూరం చేరిన తరువాత రెండు ప్రయత్నాలు కాళ్లు జారి విఫలమయ్యాయి. 16 సెకన్లు మిగిలాయి. చివరి విరామం తీసుకుని స్టార్ గురువు వద్దకు వచ్చాడు. బంతిని తన్ని 3 పాయింట్లు తెచ్చుకుంటే ఆట సమమై, అదనపు సమయం లభించేది. గీత దాటడానికి యత్నించి విఫలమైతే మరొక అవకాశం దాదాపు లేనట్లే. పరులకు బంతి అందిస్తే జారే ప్రమాదముంది కనుక తానే దూసుకుపోతానని స్టార్ సూచించాడు. లొంబార్డీ వెంటనే అంగీకరించారు. సహచరులు క్రేమర్, బౌమన్ ఎదుటివానిని పక్కకు నెట్టగా, స్టార్ గీత దాటి పడ్డాడు. ప్యాకర్స్ 21–17తో గెలిచారు. వరుసగా మూడవసారి విజేతలయ్యారు. రెండు వారాలకు రెండవ సూపర్ బౌల్‌లోనూ ఓక్లాండ్‌ను 33–14తో జయించారు.

అవిశ్రాంత శ్రమ ఆయన నుంచి మూల్యం కోరింది. కుటుంబానికి తగినంత సమయం ఇవ్వలేకపోయారు, ఆరోగ్యమూ అలసింది. 1968లో శిక్షక పదవిని విడిచి నిర్వాహకునిగా మిగిలారు. కానీ మైదానానికి దూరంగా కూర్చోవడం ఆయనకు సాధ్యం కాలేదు. 1969లో వాషింగ్టన్ జట్టును చేపట్టి, 1955 తరువాత తొలిసారిగా ఆ జట్టుకు ఓటములను మించిన విజయాలు సమకూర్చారు. మరుసటి సంవత్సరమే పెద్దపేగు క్యాన్సర్ వ్యాధి బయటపడింది. 1970 సెప్టెంబరు 3న, 57వ ఏట, వాషింగ్టన్‌లో తుదిశ్వాస విడిచారు. సూపర్ బౌల్ విజేతకు ఇచ్చే వెండి బహుమతికి ఆయన పేరు పెట్టి, దేశం తన గౌరవాన్ని చాటుకుంది.

విఘ్నాలకు భయపడి కార్యాన్ని ఆరంభించని వారు అధములనీ, మధ్యలో విడిచిపెట్టేవారు మధ్యములనీ, ఎన్ని అడ్డంకులు వచ్చినా తుదివరకు సాగేవారే ధీరులనీ భర్తృహరి సుభాషితం బోధిస్తుంది. గడ్డకట్టిన నేలపై చివరి గజం కోసం శ్రమించిన ఆ జట్టు, దానిని తీర్చిదిద్దిన ఆ గురువు మూడవ కోవకు చెందినవారు. అయితే ఆ చివరి గజం 16 సెకన్లలో లభించింది కాదు. తొమ్మిదేళ్లపాటు ప్రతి ఉదయం పావుగంట ముందు వచ్చి చేసిన సాధన ఫలితమది. విద్యార్థులు గ్రహించవలసిన సత్యం ఇదే.