మేరీ బార్బర్

మేరీ బార్బర్ (1911 - 1965) బ్రిటన్‌కు చెందిన వ్యాధి విజ్ఞాన శాస్త్రవేత్త, బాక్టీరియా శాస్త్రవేత్త. ఆసుపత్రి రోగులలో కనిపించే స్టాఫైలోకాకస్ బాక్టీరియా పెనిసిలిన్‌కు ఎందుకు లొంగడం లేదో పరిశోధించి తేల్చిన తొలితరం శాస్త్రవేత్తలలో ఈమె ఒకరు. మందుల వాడకాన్ని నియంత్రించి ఈ నిరోధకతను తగ్గించవచ్చునని కూడా ఈమె నిరూపించారు.

విద్య, ఉద్యోగం

బార్బర్ లండన్‌లోని మహిళా వైద్య కళాశాలలో వైద్యవిద్య అభ్యసించారు. 1940వ దశకంలో హేమర్‌స్మిత్ ఆసుపత్రిలోను, ఆ తరువాత సెయింట్ థామస్ ఆసుపత్రిలోను పనిచేశారు. 1950వ దశకం చివరలో తిరిగి హేమర్‌స్మిత్‌కు వచ్చి, 1963లో ప్రొఫెసర్ అయ్యారు.

పెనిసిలిన్ నిరోధకతపై పరిశోధన

స్టాఫైలోకాకస్ బాక్టీరియా వలన సెగగడ్డలు, పుండ్లలో చీము, న్యుమోనియా, రక్తదోషం వంటివి కలుగుతాయి. పెనిసిలిన్ వాడుకలోకి వచ్చిన కొత్తలో ఈ వ్యాధులు తేలికగా నయమయ్యేవి. అయితే హేమర్‌స్మిత్ రోగుల నుండి సేకరించిన స్టాఫైలోకాకస్‌లలో పెనిసిలిన్‌కు లొంగనివి 1946లో సుమారు 14 శాతం ఉండగా, 1947లో 38 శాతానికి, 1948లో 59 శాతానికి పెరిగినట్లు బార్బర్ గమనించారు.

దీనికి కారణం తెలుసుకొనడానికి ఈమె రెండు రకాల బాక్టీరియాను పోల్చి చూశారు. ప్రయోగశాలలో పెనిసిలిన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేసిన బాక్టీరియా బలహీనంగా పెరిగేది. మందు ఆపితే దాని నిరోధకత తగ్గిపోయేది. రోగుల నుండి వచ్చిన బాక్టీరియా మాత్రం పెనిసిలినేజ్ అనే ఎంజైమును తయారుచేసి, పెనిసిలిన్‌నే నాశనం చేసేది. దాని నిరోధకత స్థిరంగా ఉండేది. అనగా, చికిత్స పొందుతున్న రోగి శరీరంలో బాక్టీరియా కొత్తగా మందుకు అలవాటు పడడం లేదు. ఎంజైము గల రకాలు ముందునుండే కొద్ది సంఖ్యలో ఉన్నాయి. మందు మిగిలిన వాటిని చంపివేయగా, ఇవి మిగిలి, ఒక రోగి నుండి మరొకరికి వ్యాపించాయి. బాక్టీరియాను సోకే వైరస్‌ల సహాయంతో రకాలను గుర్తించే పద్ధతి ద్వారా, ఆసుపత్రిలో ఒకే రకం పలువురిలో ఉన్నట్లు కూడా ఈమె చూపారు.

హేమర్‌స్మిత్ విధానం

తిరిగి హేమర్‌స్మిత్‌కు వచ్చిన తరువాత, సహచరులతో కలిసి ఆసుపత్రిలో పెనిసిలిన్ వాడకాన్ని బాగా తగ్గించారు. ఇతర యాంటీబయాటిక్‌లను విడిగా గాక, రెండేసి కలిపి ఇచ్చే పద్ధతి పెట్టారు. వార్డులలో అంటువ్యాధి నివారణ చర్యలను కట్టుదిట్టం చేశారు. నిరోధక బాక్టీరియా తగ్గినట్లు తెలిపే ఫలితాలు 1960లో ప్రచురితమయ్యాయి. ఒకసారి వచ్చిన నిరోధకత ఇక పోదన్న నిరాశను ఈ ఫలితాలు తొలగించాయి.

జన్యువులు

ఈమె గమనించిన నిరోధకతకు జన్యు ఆధారం తరువాతి కాలంలో తెలిసింది. స్టాఫైలోకాకస్‌లో పెనిసిలినేజ్ జన్యువు తరచుగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంపై ఉంటుందని 1963లో రిచర్డ్ నోవిక్ చూపారు. ప్లాస్మిడ్ ఒక బాక్టీరియా నుండి మరొకదానికి చేరగలదు. పెనిసిలినేజ్‌ను తట్టుకొనే మెథిసిలిన్‌కు సైతం లొంగని స్టాఫైలోకాకస్‌లను 1961లో బ్రిటన్‌లో గుర్తించారు. ఈ విషయంపై బార్బర్ కూడా పరిశోధించారు. ఈ నిరోధకతకు కారణం మెక్-ఎ అనే వేరొక జన్యువు. ఇది ఎంజైముతో మందును నాశనం చేయదు. మందు అంటుకొనలేని ప్రోటీనును బాక్టీరియాకు సమకూర్చుతుంది.

మరణం

లారెన్స్ పాల్ గారోడ్‌తో కలిసి ఈమె రచించిన యాంటీబయాటిక్ అండ్ కీమోథెరపీ అను గ్రంథం 1963లో వెలువడింది. తరువాత అనేక ముద్రణలు పొందింది. 1965లో కారు ప్రమాదంలో బార్బర్ మరణించారు.